మామూలు కొలతలతో గర్భిణిని కొలిస్తే

ఆఫీసులో ఏడాదికోసారి జరిగే హెల్త్ స్క్రీనింగ్ చూడ్డానికి చాలా తేలికైన వ్యవహారం. మీటింగ్ రూములో రెండు మూడు బల్లలు వేస్తారు. ఒకరు బీపీ చూస్తారు, ఒకరు బరువు, ఎత్తు, నడుము కొలత రాసుకుంటారు, ఇంకొకరు రక్తం తీస్తారు. రెండు మూడు రోజుల్లో రిపోర్టు ఫోనుకి వచ్చేస్తుంది. ప్రతి అంకె పక్కనా ఒక హద్దు ఉంటుంది. హద్దు లోపల ఉంటే పచ్చ రంగు, దాటితే ఎరుపు. చాలామందికి ఇది పనికొచ్చే ఏర్పాటే. తమకు బీపీ ఉందన్న సంగతి మొదటిసారి ఇలాంటి చోటే తెలిసినవాళ్లు ఉంటారు.

చిక్కంతా ఆ హద్దుల దగ్గరే ఉంది. అవి గర్భం లేని పెద్దవాళ్లను చూసి గీసినవి. ఐదో నెలలోనో ఏడో నెలలోనో ఉన్న ఉద్యోగిని అదే వరుసలో నిలబడి అవే పరీక్షలు చేయించుకుంటే, ఆమె చేతికొచ్చే రిపోర్టు రెండు రకాలుగా తప్పుదోవ పట్టిస్తుంది. భయపడక్కర్లేని చోట భయపెడుతుంది. జాగ్రత్త పడాల్సిన చోట అంతా బాగుందంటుంది. మొదటి తప్పు గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. కానీ ఎక్కువ హాని చేసేది రెండోది. ఎర్ర గుర్తు చూసి కంగారుపడ్డ మనిషి కనీసం డాక్టరుకు ఫోన్ చేస్తుంది. పచ్చ గుర్తు చూసిన మనిషి ఊపిరి పీల్చుకుని పనిలో పడిపోతుంది.

ముందు ఎర్ర గుర్తుల సంగతి. గర్భంలో రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఎర్ర రక్తకణాలు కూడా పెరుగుతాయి గానీ అంత పెరగవు, 20 నుంచి 30 శాతం వరకే. అందుకని హిమోగ్లోబిన్ అంకె తగ్గి కనిపిస్తుంది. మామూలుగా ఆడవాళ్లకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. గర్భిణికి మొదటి మూడు నెలల్లో, చివరి మూడు నెలల్లో ఆ హద్దు 11, మధ్య మూడు నెలల్లో 10.5. కాబట్టి ఐదో నెలలో 10.8 వస్తే స్క్రీనింగ్ రిపోర్టు ఎర్రగా చూపిస్తుంది, ఆమె డాక్టరు మాత్రం దాన్ని రక్తహీనత అనకపోవచ్చు. తిరగేసి చూసినా ఇదే మాట. చివరి నెలల్లో హిమోగ్లోబిన్ మరీ ఎక్కువగా ఉంటే అది సంతోషించాల్సిన విషయం కాకపోవచ్చు. ప్లాస్మా పెరగాల్సినంత పెరగలేదనడానికి అది సూచన కావచ్చు.

కొలెస్ట్రాల్ కథ ఇంకా స్పష్టం. బిడ్డ ఎదుగుదలకీ, మాయ తయారుచేసే హార్మోన్లకీ కొవ్వు కావాలి. తల్లి శరీరం దాన్ని కావాలనే పెంచుతుంది. మొత్తం కొలెస్ట్రాల్ పావు వంతు నుంచి సగం వరకు పెరగడం, రక్తంలోని మరో రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లు చివరి నెలలకు రెండు మూడు రెట్లు కావడం మామూలే. గుండె జబ్బు ముప్పు అంచనా వేయడానికి తయారైన పట్టికలో ఈ అంకెలు పెడితే వచ్చే ఫలితానికి అర్థం లేదు. అప్పటికే ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లనో, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ సమస్య ఉన్నవాళ్లనో మినహాయిస్తే, గర్భంలో ఈ పరీక్ష మామూలుగా చేయాల్సిన పనే లేదు. అయినా ప్యాకేజీలో ఉంది కాబట్టి చేస్తారు. ఎర్రగా వచ్చింది కాబట్టి 'నూనె తగ్గించండి, బరువు తగ్గండి' అని యాప్ సలహా పంపుతుంది.

ఇలాంటివే మరికొన్ని. కాలేయం పరీక్షల్లో చూసే ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను మాయ కూడా తయారుచేస్తుంది కాబట్టి చివరి నెలల్లో అది రెట్టింపు దాటొచ్చు, రిపోర్టులో కాలేయం జబ్బులా కనిపిస్తుంది. తెల్ల రక్తకణాలు పెరిగి ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు అనిపిస్తుంది. తొలి నెలల్లో గర్భం హార్మోను థైరాయిడ్‌ని కొంత ప్రేరేపించడం వల్ల, ఆ గ్రంథికి పని చెప్పే హార్మోను టీఎస్‌హెచ్ తగ్గుతుంది, రిపోర్టు 'థైరాయిడ్ ఎక్కువైంది' అన్నట్టు చూపిస్తుంది. మూత్రంలో కాస్త చక్కెర కనిపించినంత మాత్రాన షుగర్ వ్యాధి అనుకోనక్కర్లేదు. వడపోత ఎక్కువైన మూత్రపిండాలు కొంత చక్కెరను వదిలేస్తాయి.

బరువు గురించి వేరే చెప్పాలి. ఉద్యోగుల ఆరోగ్యం కోసం కంపెనీలు నడిపే వెల్‌నెస్ కార్యక్రమాల్లో ఎక్కువ పాయింట్లు దీనికే ఇస్తారు, జట్లు కట్టి పోటీలు పెడతారు. గర్భానికి ముందు బరువు సరిగ్గా ఉన్న స్త్రీ, ఒకే బిడ్డను మోస్తుంటే, మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోలు పెరగాలన్నది 2009లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన సూచన. ముందే అధిక బరువు ఉంటే 7 నుంచి 11.5, స్థూలకాయం ఉంటే 5 నుంచి 9. అంటే స్థూలకాయం ఉన్నవాళ్లకు కూడా పెరగమనే చెబుతున్నారు, తగ్గమని కాదు. గర్భిణికి బీఎమ్‌ఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూపే అంకె) లెక్క వేయాలంటే గర్భానికి ముందున్న బరువుతో వేయాలి. నడుము కొలత తీయడం మరీ అర్థంలేని పని. ఒంట్లో కొవ్వెంతో చూపించే మెషిన్ల మీదికి గర్భిణులను ఎక్కించవద్దని చాలా తయారీదారులే చెబుతారు. శరీరంలో నీరు ఇంత ఉంటుందన్న అంచనా మీద అవి నడుస్తాయి, గర్భంలో ఆ అంచనా తప్పుతుంది.

పచ్చ గుర్తు వెనక

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పరగడుపున షుగర్ 95 వచ్చిందనుకుందాం. మామూలు లెక్కలో 100 లోపల ఉంటే నార్మల్, కాబట్టి పచ్చ గుర్తు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో తీసుకున్న ప్రమాణం ప్రకారం గర్భిణికి పరగడుపున 92 నుంచి 125 మధ్య వస్తే అది గర్భంలో వచ్చిన షుగర్ వ్యాధి కిందే లెక్క. 92 ఊరికే ఎంచుకున్న అంకె కాదు. 9 దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణుల వివరాలతో జరిగి, 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం దాని వెనక ఉంది. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ మరీ పెద్దగా పుట్టడం, సిజేరియన్ అవసరం కావడం క్రమంగా పెరుగుతూ పోయాయని, ఇక్కడి దాకా ఫరవాలేదు అనదగ్గ స్పష్టమైన గీత ఎక్కడా లేదని అందులో తేలింది. అన్ని దేశాలూ ఇదే ప్రమాణం పాటించవు, పరీక్ష చేసే పద్ధతులు కూడా వేరువేరుగా ఉన్నాయి. ఏ పద్ధతి తీసుకున్నా, గర్భిణి షుగర్‌ని మామూలు మనిషి హద్దుతో చూడమని మాత్రం ఏదీ చెప్పదు.

హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇంకో రకంగా మోసం చేస్తుంది. అది ఎర్ర కణాలకు అంటుకున్న చక్కెరను బట్టి గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఎర్ర కణం మామూలుగా 120 రోజుల దాకా బతుకుతుంది. గర్భంలో పాత కణాలు త్వరగా పోతాయి, కొత్తవి వేగంగా పుడతాయి. కొత్త కణానికి చక్కెర అంటుకునే సమయం తక్కువ కాబట్టి అంకె తగ్గి కనిపిస్తుంది. తొలి వారాల్లో, అప్పటికే ఉన్న షుగర్ వ్యాధిని పట్టుకోవడానికి ఇది సాయపడొచ్చు. గర్భంలో కొత్తగా వచ్చేదాన్ని లేదని తేల్చడానికి సరిపోదు. మామూలుగా 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష వేరు. 'ఆఫీసులో షుగర్ చూశారు, బాగానే ఉంది' అని ఆ పరీక్ష మానేసిన తల్లికి ఆ పచ్చ గుర్తు మేలు చేయలేదు.

మూత్రపిండాలు వడపోసి బయటికి పంపే వ్యర్థం క్రియాటినిన్ కూడా ఇలాంటిదే. గర్భంలో మూత్రపిండాల వడపోత సుమారు సగం పెరుగుతుంది, రక్తంలో క్రియాటినిన్ తగ్గుతుంది. ఎక్కువ మందిలో అది 0.4, 0.8 మధ్య ఉంటుంది. మామూలు ల్యాబ్ హద్దు 1 దాకా, కొన్ని చోట్ల 1.1 దాకా పోతుంది. అక్కడ 1 వచ్చిన గర్భిణికి పచ్చ గుర్తే పడుతుంది. ఆమె ప్రసూతి డాక్టరు అదే అంకె చూస్తే మూత్రపిండాల గురించి తప్పకుండా ఆరా తీస్తారు.

ఇక బీపీ. రక్తనాళాలు వదులు కావడం వల్ల గర్భం మధ్యలో బీపీ సహజంగా తగ్గి, చివరి నెలల్లో మళ్లీ పాత స్థాయికి వస్తుంది. గర్భానికి ముందు నుంచే బీపీ ఉండి, ఆ సంగతి తెలియని స్త్రీకి ఐదో నెలలో చూస్తే చక్కటి అంకె రావచ్చు. ఉన్న బీపీ ఆ నెలల్లో దాక్కుంటుంది. ఇటు చూస్తే, 2017 అమెరికా మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో 130/80 నుంచే బీపీ మొదలైనట్టు. గర్భంలో బీపీ నిర్ధారణకు మాత్రం ఇప్పటికీ 140/90 గీతనే వాడుతున్నారు, కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు అంత రావాలి. ఒక మెషిన్, ఒక్క కొలత, ఒకే రంగు: ఈ మూడింటితో ఆ తేడా తెలియదు.

అంతకన్నా పెద్ద విషయం కాలానికి సంబంధించినది. ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి మూత్రపిండాలు, కాలేయం లాంటి అవయవాలకు దెబ్బ తగిలే స్థితి, 20 వారాల తర్వాత ఎప్పుడైనా రావచ్చు, కాన్పయిన తర్వాతి వారాల్లో కూడా రావచ్చు, కొన్ని రోజుల్లోనే ముదరవచ్చు. 26వ వారంలో వచ్చిన పచ్చ గుర్తు 34వ వారం గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణికి కనీసం 8 సార్లు వైద్య పరీక్ష జరగాలని చెప్పింది. ఏడాదికోసారి వచ్చే క్యాంపు అందులో ఒక్కదానికి కూడా సాటి కాదు. విడవని తలనొప్పి, చూపు మసకబారడం, పై కడుపులో నొప్పి, ముఖం ఉన్నట్టుండి ఉబ్బడం లాంటివి ఉంటే ఎప్పుడు తీసిన రిపోర్టు పచ్చగా ఉన్నా లెక్కలోకి రాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. క్యాంపులోనే బీపీ 160/110 దాకా వస్తే 'రిపోర్టులో రాశాం, డాక్టరుకు చూపించుకోండి' అని పంపేయడం నేరంతో సమానం. అది గంటలోపు వైద్యం మొదలు కావాల్సిన స్థితి. క్యాంపులో కూర్చున్న నర్సుకు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచాలి.

పరీక్ష చేసే తీరులో కూడా ఇబ్బందులున్నాయి. 12 గంటలు పరగడుపున రమ్మంటారు. గర్భిణి శరీరం ఆకలికి మామూలు మనిషి కంటే త్వరగా కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది, అలా కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు త్వరగా పెరుగుతాయి. వేవిళ్లతో ఉన్నావిడ వరుసలో నిలబడి కళ్లు తిరిగి పడిపోతే ఆ పరీక్ష ఎవరికి మేలు చేసినట్టు? ఇరవై వారాలు దాటాక ఈసీజీ కోసం వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం పెద్ద సిరను నొక్కి బీపీ పడిపోవచ్చు, కాస్త ఎడమ పక్కకు ఒరిగించాలి. కొన్ని ప్యాకేజీల్లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. అవసరం లేనిదాన్ని వాయిదా వేయడమే మంచిది. అయితే నెల తప్పిన సంగతి తెలియకముందే ఎక్స్‌రే తీయించుకుని, తర్వాత రాత్రుళ్లు నిద్రపోని తల్లులకు ఒక మాట చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రేలో గర్భానికి తగిలే రేడియేషన్ 0.01 మిల్లీగ్రేకి (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మించదు. 50 మిల్లీగ్రేల లోపల గర్భస్రావం, అవయవ లోపాలు పెరిగినట్టు ఆధారాల్లేవు. అంటే 5,000 రెట్ల దూరం ఉంది. ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు.

మనసుకు సంబంధించిన ప్రశ్నావళి కూడా ఈ మధ్య స్క్రీనింగులో చేరింది. మామూలుగా వాడే ప్రశ్నావళిలో నిద్ర సరిగ్గా పడుతోందా, ఆకలి ఎలా ఉంది, నీరసంగా ఉంటోందా అని అడుగుతారు. గర్భిణి నిజం చెబితే దిగులు వ్యాధి ఉన్నట్టు లెక్క రావచ్చు. అందుకే 1987లో ఎడిన్‌బరో పేరుతో బాలింతల కోసం పది ప్రశ్నల పత్రం తయారైంది, ఇప్పుడు గర్భిణులకూ దాన్ని వాడుతున్నారు. ఒంటి లక్షణాల మీద ఆధారపడకుండా మనసునే అడుగుతుంది అది.

గడిలో టిక్ పెట్టాలా?

ఇదంతా విన్నాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ఫారంలో 'మీరు గర్భవతా?' అని ఒక గడి పెడితే సరిపోతుంది కదా. వైద్యం దృష్ట్యా అది సబబే. ఉద్యోగం దృష్ట్యా మాత్రం చాలా పెద్ద ప్రశ్న. గర్భస్రావాల్లో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే జరుగుతాయి కాబట్టి చాలామంది అప్పటిదాకా బయట చెప్పుకోరు. ప్రమోషన్, కొత్త ప్రాజెక్టు, కాంట్రాక్టు పొడిగింపు తేలే వరకు ఆగేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. అలాంటి సంగతి పక్కన నిలబడ్డ సహోద్యోగికి కనబడే ఫారంలో టిక్ పెట్టమనడం ఎంతమాత్రం న్యాయం కాదు.

'వ్యక్తిగత వివరాలు యాజమాన్యానికి వెళ్లవు, మొత్తం లెక్కలే వెళ్తాయి' అని చెబుతారు. వంద మంది ఉన్న చోట ఆ మాట నిలుస్తుందేమో. పన్నెండు మంది ఉన్న విభాగంలో, అందులో ముగ్గురే ఆడవాళ్లయినప్పుడు, 'గర్భిణులు: 1' అన్న లెక్క పేరు రాసినట్టే. మినహాయింపు పత్రం కూడా అంతే. దాని మీద కారణం రాయాల్సి వస్తే కారణం బయటపడుతుంది. చెప్పుకున్న తర్వాత కూడా గండం ఉంది. గర్భం నిలవకపోతే ఆ సంగతి యాప్‌కి ఎవరు చెబుతారు? ఒకసారి టిక్ పెట్టాక, వారం వారం 'మీ బిడ్డ ఇప్పుడు ఇంత పెరిగింది' అని మెసేజ్ వస్తూనే ఉంటే ఆ తల్లి పడే బాధ అంతా ఇంతా కాదు. దాన్ని ఒక్క నొక్కుతో, ఏ ప్రశ్నా అడగకుండా ఆపే వీలు ఉండాలి. ఇంత చిన్న విషయం ముందే ఆలోచించకపోవడం క్షమించదగ్గది కాదు.

చట్టాలు ఈ దిశలో కొంత నడిచాయి. 2000లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందం ఉద్యోగానికి దరఖాస్తు చేసే స్త్రీని గర్భ పరీక్ష అడగకూడదంటుంది, కొన్ని ప్రమాదకరమైన పనుల విషయంలో తప్ప. 1992 నాటి ఐరోపా ఆదేశం ప్రకారం గర్భిణి తన వైద్య పరీక్షలకు పని వేళల్లో జీతం కోత లేకుండా వెళ్లొచ్చు. స్క్రీనింగ్‌కి డబ్బు ముడిపెట్టడం ఎక్కువగా కనిపించే అమెరికాలో, ఆరోగ్య ప్రమాణం అందుకున్న ఉద్యోగికి ఇచ్చే బహుమతి, ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం, బీమా ఖర్చులో 30 శాతం దాకా ఉండొచ్చు. అయితే వైద్య కారణాల వల్ల అందుకోలేనివాళ్లకు మరో దారి చూపించి అదే బహుమతి ఇవ్వాలి. కుటుంబ ఆరోగ్య చరిత్ర చెప్పినందుకు డబ్బు ఆశ చూపడం, జన్యు సమాచారం ఆధారంగా వివక్షను నిషేధించే 2008 చట్టం కింద కుదరదు. అంత పెద్ద మొత్తం ముడిపెట్టాక 'ఇష్టమైతేనే రండి' అనడంలో అర్థమేముందన్న వివాదం కోర్టుకెక్కింది. 30 శాతం ప్రోత్సాహకం ఉన్నా పాల్గొనడం స్వచ్ఛందమే ఎలా అవుతుందో అధికారులు సరిగ్గా వివరించలేకపోయారని 2017లో న్యాయస్థానం చెప్పింది. అంత ప్రోత్సాహకం ఉన్నా పాల్గొనడం స్వచ్ఛందమే అన్న ఆ అధికారుల నిబంధన భాగం 2019 మొదటి రోజు నుంచి రద్దయింది.

నిజానికి సరైన ఏర్పాటు కష్టమైనదేం కాదు. క్యాంపుకు ముందే అందరికీ ఒకే కాగితం పంపాలి. 'గర్భం, ఇటీవలి శస్త్రచికిత్స, కొన్ని మందులు, కొన్ని జబ్బులు ఈ ఫలితాలను మారుస్తాయి. అలాంటిది ఉంటే ఈసారి మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, పాయింట్లు పూర్తిగా వస్తాయి.' అంతే. గర్భం పేరు అందులో చాలా కారణాల మధ్య ఒకటిగా ఉంటుంది, మానుకున్న మనిషి మీద ఎవరి చూపూ పడదు. డాక్టరు పత్రం కావాలంటే 'ఈసారి మినహాయించగలరు' అన్న ఒక్క వాక్యం చాలు.

'అందరూ పాల్గొంటేనే కదా కార్యక్రమం ఫలించేది' అనే యాజమాన్యాలు ఒక సంగతి గమనించాలి. అమెరికాలో 160 పని స్థలాల్లో, సుమారు 33 వేల మంది ఉద్యోగుల మీద 18 నెలలు జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కార్యక్రమం ఉన్న చోట వ్యాయామం చేస్తున్నామని, బరువు గమనించుకుంటున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. కానీ బీపీ, కొలెస్ట్రాల్, బీఎమ్‌ఐ, వైద్య ఖర్చు, సెలవుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాంటప్పుడు ఒక గర్భిణిని పరగడుపున నిలబెట్టి సంపాదించేదేమిటి? ఆమె రోజంతా నిలబడి పనిచేస్తోందా, బరువులు ఎత్తుతోందా, రసాయనాల మధ్య ఉంటోందా, రాత్రి షిఫ్టులు పడుతున్నాయా, వైద్య పరీక్షకు వెళ్లాలంటే సెలవు దొరుకుతోందా అన్నవి చూడటం ఆమె ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేస్తుంది. వాటిని కొలవడానికి రక్తం తీయనక్కర్లేదు.

కాన్పు తర్వాత

విచిత్రమేమంటే, ఈ స్క్రీనింగ్ ఆమెకు నిజంగా అక్కరకొచ్చే రోజులు తర్వాత వస్తాయి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు ముందు ముందు షుగర్ వ్యాధి వచ్చే ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే 7 నుంచి 10 రెట్లు ఎక్కువ. కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య ఒకసారి గ్లూకోజ్ పరీక్ష, ఆ తర్వాత జీవితాంతం ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోవాలి. పసిబిడ్డతో సతమతమవుతున్న తల్లి దీన్ని మరిచిపోవడం చాలా సహజం. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో గుండె జబ్బు, పక్షవాతం ముప్పు తర్వాతి జీవితంలో సుమారు రెట్టింపు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే ఈ రెండింటినీ గుండె జబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది. కొలెస్ట్రాల్ మాత్రం కాన్పయిన వెంటనే చూడనక్కర్లేదు. పాత స్థాయికి దిగడానికి వారాలు, కొందరిలో నెలలు పడుతుంది.

ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన తల్లిని ఆఫీసు స్క్రీనింగ్ మళ్లీ మామూలు వరుసలో నిలబెడుతుంది. ఫారంలో సిగరెట్ గురించి, వ్యాయామం గురించి, మద్యం గురించి అడుగుతుంది. 'గర్భంతో ఉన్నప్పుడు షుగర్ గానీ బీపీ గానీ వచ్చిందా?' అని ఎక్కడో తప్ప అడగదు. ఆ ఒక్క వరుస చేర్చాలి. జవాబు పరీక్షించే డాక్టరు దాకా మాత్రమే వెళ్లాలి, కంపెనీకి వెళ్లకూడదు. పదేళ్ల కిందటి కాన్పు అయినా సరే, అడగాలి.